షుగరు వైద్యంలో కాంపౌండరుకూ చోటుండాలి

షుగరు జబ్బు పట్నవాసులదే అన్న మాట పాతబడింది. భారత వైద్య పరిశోధన మండలి సర్వే ఫలితాలు 2023లో వెలువడ్డాయి. దేశంలో 10 కోట్ల మందికి పైగా ఈ జబ్బు ఉన్నదని అవి తేల్చాయి. పల్లెలేమీ దీనికి మినహాయింపు కాదు. నెలకోసారి సంచి చేతబట్టుకుని ఆరోగ్య కేంద్రం వరండాలో కూర్చునే పెద్దవాళ్లను చూస్తే చాలు.

డాక్టరు ఎంత ఓపిక గలవాడైనా అంతమందిలో ఒక్కొక్కరితో రెండు మాటలకు మించి మాట్లాడలేడు. నర్సు రక్తం పరీక్షిస్తుంది. ఆశా కార్యకర్త ఇంటికి వచ్చి గుర్తు చేస్తుంది. మాత్రలు చేతిలో పెట్టేది మాత్రం కిటికీ అవతలి ఫార్మసిస్టు. పెద్దలు ఆయనను నేటికీ కాంపౌండరు గారనే పిలుస్తారు. స్టాకు రిజిస్టరు ఆయన చేతిలోనే ఉంటుంది గాని, వైద్యం చేసే బృందంలో ఆయనను ఎవరూ లెక్కించరు. ఇది సరికాదు.

మందు దొరకక చెడేవారు కొందరైతే, దొరికిన మందును సరిగా వాడక చెడేవారూ తక్కువ కాదు. గ్లిమిపిరైడ్ మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా పొలానికి పోయిన మనిషికి చెమటలు పట్టి, చేతులు వణికి, చివరకు స్పృహ తప్పవచ్చు. స్పృహ తప్పకముందే ఇవ్వవలసింది చక్కెర నీళ్లని ఇంట్లోవారికి ముందే తెలిసి ఉండాలి. మరో చిక్కు ఉంది. ఆరోగ్య కేంద్రంలో ఇచ్చిన మాత్ర పేరొకటి, పట్నం డాక్టరు రాసినదాని పేరు మరొకటి. లోపలి మందు ఒకటే కావచ్చు. తెలియక రెండూ మింగుతారు. మోకాళ్ల నొప్పులకు ఎవరో ఇచ్చిన మాత్రలో స్టెరాయిడ్ ఉంటే షుగరు అమాంతం పెరుగుతుంది. సంచిలోని అట్టలన్నీ బల్లమీద పరిస్తే కాంపౌండరు గారి కన్ను వీటిని ఇట్టే పట్టేస్తుంది.

ఇన్సులిన్ సంగతి ఇంకా సున్నితం. 40 యూనిట్ల సీసాకు ఎర్ర మూత సిరంజి వాడాలి. అదే మందును 100 యూనిట్ల నారింజ మూత సిరంజితో 20 గీత వరకు లాగితే ఒంట్లోకి పోయేది 8 యూనిట్లే. సీసాను గడ్డకట్టే అరలో పెట్టకూడదు. ఫ్రిజ్ లేని ఇంట్లో తడి ఇసుక నడుమ మట్టికుండ మేలు. ఈ మాటలు చెప్పడానికి పది నిమిషాలు పట్టదు, కాని ఆ పది నిమిషాలు ఎవరికీ కేటాయించలేదు.

అమెరికాలోని ఆష్‌విల్ నగరం 1990లలో షుగరు ఉన్న తన ఉద్యోగులను క్రమం తప్పకుండా ఫార్మసిస్టుల వద్దకు పంపింది. అయిదేళ్ల ఫలితాలు 2003లో అచ్చయ్యాయి. షుగరు అదుపు మెరుగుపడింది, మొత్తం వైద్యపు ఖర్చూ తగ్గింది. అక్కడి వసతులు వేరు, నిజమే. అయినా మాట్లాడటానికి యంత్రాలు అక్కర్లేదు కదా.

కాంపౌండరు డాక్టరైపోవాలని ఎవరూ కోరడం లేదు. మోతాదు మార్చేది డాక్టరే. తేడా కనిపెట్టి ఆయన చెవిన వేసేది ఫార్మసిస్టు. ఇందుకు జిల్లా వైద్యాధికారులు ఖాళీ పోస్టులు ఉన్నచోట వాటిని భర్తీ చేయించాలి. లెక్కలు రాసే పనిలో కొంత తగ్గించి, కిటికీ పక్కన రోగికో కుర్చీ వేయించాలి.

ఇక ప్రైవేటు దుకాణాలు. గోడకు ఫార్మసిస్టు సర్టిఫికెట్ వేలాడుతుంది, మనిషి మాత్రం కనిపించడు. చీటీ మీది మందును రిజిస్టరైన ఫార్మసిస్టే ఇవ్వాలని 1948 నాటి ఫార్మసీ చట్టం చెబుతోంది. రోగికి వివరించి చెప్పడమూ ఆయన పనేనని 2015 నిబంధనలు అంటున్నాయి. తనిఖీకి వచ్చేవారు సర్టిఫికెట్‌ను గాక మనిషిని చూడాలి.

రోగులూ చేయవలసింది ఉంది. ఈసారి మందులకు వెళ్లేటప్పుడు ఇంట్లో ఉన్న అట్టలన్నీ, నొప్పుల మాత్రలతో సహా, సంచిలో వేసుకుని వెళ్లాలి. ఏది తిండికి ముందు, ఏది తర్వాత అని కాంపౌండరు గారిని నిలదీసి అడగాలి.