ఏ పుటలో ఉన్నది?

రాజనీతిశాస్త్ర విద్యార్థిగా నేను తొలిసారి ఒక పరిశోధన పత్రికకు వ్యాసం పంపినప్పుడు అది కొన్ని నెలలకు తిరిగివచ్చింది. కాగితాల అంచున పలుచోట్ల ఒకే ప్రశ్న వ్రాసి ఉన్నది: "ఏ పుటలో ఉన్నది?" ఆనాడు దానిని అవమానంగా భావించాను. అంతకంటె మేలైన పాఠం నాకు మరెవ్వరూ చెప్పలేదని నేడు ఒప్పుకొంటున్నాను.

జనగణమన మదనపల్లెలో పుట్టిందని మన సభలలో తరచు వింటూ ఉంటాము. వినుటకు ఇంపైన మాటే గాని నిజం కాదు. ఆ గీతాన్ని 1911 డిసెంబరు 27న కలకత్తా కాంగ్రెసు మహాసభలో మొదటిసారి పాడారు. 1919 ఫిబ్రవరిలో రవీంద్రనాథ ఠాకూరు మదనపల్లె బీసెంట్ థియోసాఫికల్ కళాశాలలో విడిది చేసి, అక్కడ దానిని ఆంగ్లంలోనికి అనువదించారు. మన ఊరికి ఆ కీర్తి చాలదా? లేనిదానిని కలుపబోతే ఉన్నదానిని కూడ పరులు శంకిస్తారు.

మరొక ఉదాహరణ. మదనపల్లె, పుంగనూరు, కుప్పం ప్రాంతాల రాజకీయ చరిత్ర వ్రాయబూనిన విద్యార్థి పందొమ్మిదవ శతాబ్దపు వివరాలకు "చిత్తూరు జిల్లా రికార్డులు" అని సూచిస్తే చదువరికి దారి తప్పుతుంది. చిత్తూరు జిల్లా ఏర్పడినదే 1911లో. అంతకు ముందు మదనపల్లె కడప జిల్లాలోనిది; దాని సంగతులకు గ్రిబుల్ 1875లో కూర్చిన కడప జిల్లా మాన్యువల్‌ను చూడవలెను. పుంగనూరు జమీందారీ, కుప్పం కేంద్రంగా ఉండిన కంగుంది జమీందారీ ఉత్తర ఆర్కాటులోనివి. వాటికి కాక్స్ 1881లో కూర్చిన మాన్యువల్ ఆధారం. ఇరుగుపొరుగు ఊళ్ళకే రెండు వేర్వేరు గ్రంథాలు అవసరమైనప్పుడు, గ్రంథం పేరు, సంవత్సరం, పుట సంఖ్య లేని సూచిక వలన ప్రయోజనమేమి?

ఎన్నికలను గూర్చి వ్రాయువారికి ఈ జాగ్రత్త మరింత అవసరం. కుప్పం నుండి శ్రీ నారా చంద్రబాబు నాయుడు 1989లో మొదటిసారి శాసనసభకు ఎన్నికైన సంగతి అందరూ ఎరుగుదురు. కాని నాటి ఓట్ల లెక్కను 2009 నాటి లెక్కతో పోల్చదలచినవారు ముందుగా 2008 నియోజకవర్గాల పునర్విభజన ఉత్తర్వు చూచి, ఎల్లలు మారినవో లేదో తేల్చుకొనవలెను. అంకెలను ఎన్నికల సంఘం నివేదికల నుండి స్వయంగా ఎత్తివ్రాసుకొని, ఆ నివేదికనే పేర్కొనవలెను.

ఇక వ్రాతప్రతి సంగతి. ప్రతి పత్రికకు తన నియమావళి ఉంటుంది. వ్రాయుటకు ముందే దానిని చదవండి. కొన్ని పాదసూచికలను కోరుతాయి. కొన్ని రచయిత పేరు, సంవత్సరం వాక్యంలోనే ఉండాలంటాయి. ఏ పద్ధతియైనా మొదటి పుట నుండి చివరి పుట దాకా ఒకటే ఉండాలి. పరిశీలకుడు రచయితను ఎరుగకుండా చదివే పత్రికలకు మీ పేరును వేరొక కాగితంపై ఉంచి, వ్యాసంలో మీ జాడ తెలిపే మాటలను తొలగించండి. అన్నిటికంటె ముఖ్యమైనది ఒకటున్నది: గ్రిబుల్ మాటను మీరు మరొకరి గ్రంథంలో చూచి ఉంటే ఆ సంగతిని దాచక చెప్పండి. చూడని పుస్తకాన్ని చూచినట్లు వ్రాయుట అసత్యమే.

ఇదంతా పాశ్చాత్యుల తంతు అని కొందరు విద్యార్థులు అంటారు. నేను అంగీకరించను. హదీసు విద్వాంసులు ప్రతి వాక్కుకు ఇస్నాద్ కోరారు. ఎవరు ఎవరి నుండి విన్నారు, ఆ ఇరువురు నిజంగా కలిసికొన్నారా, చెప్పినవాడు నమ్మదగినవాడా అని విచారించిన పిమ్మటనే స్వీకరించారు. తెలుగునాటి వ్యాఖ్యాత కోలాచల మల్లినాథసూరి ఆధారం లేని మాట ఒక్కటైనా వ్రాయనని ప్రతిజ్ఞ చేశాడు. ఉర్దూ, తెలుగు రెండూ వినిపించే మన కళాశాల ఆవరణలో ఈ రెండు సంప్రదాయాలకు వారసులున్నారు. వారికి పాదసూచిక కొత్త వస్తువు కానేరదు.

మన ఉర్దూ, తెలుగు ఆధారాలను ఆంగ్ల వ్యాసంలో పేర్కొనుటకు సంకోచించవద్దు. గ్రంథనామాన్ని పత్రిక కోరిన లిపిలో వ్రాసి, పక్కన దాని అర్థం చెప్పండి. వృద్ధుల నోట విన్నదైతే ఏ ఊరిలో, ఏ తేదీన విన్నారో తెలుపండి. వారి అనుమతి లేనిదే పేరు వేయవద్దు.

కళాశాల సంఘం వారికి ఒక విన్నపం. మన వార్షిక సంచికల పాత ప్రతులను ఒకచోట చేర్చి, సంవత్సరం, పుట సంఖ్యలతో ఒక పట్టిక వ్రాయించండి. పైన చెప్పిన రెండు మాన్యువల్‌ల ప్రతులను గ్రంథాలయంలో ఉంచండి. పెద్ద ఖర్చు కాదు. రేపు ఒక విద్యార్థి మన ప్రాంతాన్ని గూర్చి వ్రాసినప్పుడు, ఎక్కడో కూర్చున్న పరిశీలకుడు "ఏ పుటలో ఉన్నది?" అని అడిగితే, అతడు తడబడక సమాధానం చెప్పగలగాలి.