పైపులా, వైవులా?

పోయిన వారం ఆటోనగర్‌లో ఓ గోడ మీద ‘అన్ని రకాల వైవులు దొరుకును’ అని చదివి బండి ఆపేశాను. దగ్గరికెళ్లి చూస్తే పాపం, పైపులే. ‘ప’ నెత్తిన ఉండాల్సిన సందు పూడిపోయి అది కాస్తా ‘వ’ అయి కూర్చుంది. రాసినవాడికి అక్షరాలు రాక కాదు. పైనున్న ఇంగ్లీషు మాట లావుగా, మూలలు తెగ్గోసినట్టు, ఇనపరేకులోంచి కత్తిరించినట్టు ఉంది. తెలుగుకీ అదే వేషం కట్టబోయాడు.

ఇంగ్లీషుకు ఆ వేషం నప్పుతుంది. 1970లో టామ్ కార్నేజ్, రాన్ బాండర్ గీసిన ‘మెషీన్’ అనే ఫాంటు చూడండి. పేరుకు తగ్గట్టే అందులో వంపన్నది లేదు. ‘ఓ’ అక్షరం కూడా ఎనిమిది పక్కల నట్టులా ఉంటుంది. చిన్నబడి అక్షరాలు అసలు లేనే లేవు, అన్నీ పెద్దబడే. అమెరికా ఆటగాళ్ల చొక్కాల మీది అంకెలదీ ఇదే వాలకం. గుడ్డను వంపుగా కత్తిరించడం కంటే తిన్నగా కత్తిరించడం తేలిక. ఆ మూలలు పనిముట్టు పెట్టినవి, సోకు కోసం వచ్చినవి కావు.

మన వంపులూ అంతే. తాటాకు మీద ఈనె వెంట గంటంతో తిన్నగా గీస్తే ఆకు చీలుతుంది, అందుకే మన అక్షరం గుండ్రబడిందంటారు. అంతకుముందు రాతి మీద ఉన్నప్పుడు ఇంత గుండ్రన కాదు. భట్టిప్రోలు శాసనాల కాలపు బ్రాహ్మీలో ‘క’ అచ్చంగా కూడిక గుర్తు, ‘గ’ ఇంటి కప్పు. కాబట్టి తెలుగుకు మూలలు పనికిరావని నేననను. ఎక్కడ పెట్టాలన్నదే పేచీ.

మన ‘ద’కూ ‘ధ’కూ తేడా అడుగున ఓ చిన్న గీత. ‘ర’కూ ‘ఠ’కూ తేడా కడుపులో ఓ చుక్క. లావు పెంచి, వంపు విరిచి, ఒత్తులు కింద ఇరికిస్తే ముందు పోయేవి ఇవే. మూల పెట్టాలంటే తలకట్టుంది. నిక్కబొడుచుకుని అది ఎప్పట్నుంచో కోసుగానే ఉంది. దాన్ని ఉలితో చెక్కినట్టు చెక్కండి, గీతల చివళ్లు గొడ్డలితో నరికినట్టు నరకండి. పొట్ట జోలికి మాత్రం పోకండి. సిలికానాంధ్ర అందించిన ‘రామభద్ర’ ఫాంటు ఉచితంగానే దొరుకుతుంది. ఎంత లావున్నా పొట్టలో గాలాడుతుంది. ఫ్యాక్టరీ గేటు మీద పెట్టినా చిన్నబోదు. నా ఓటు దానికే.

బోర్డు రాయించేవాళ్లకు ఒక్క మాట. డబ్బులిచ్చే ముందు రోడ్డుకు అవతల నిలబడి, బడికెళ్లే పిల్లాడెవడైనా కనిపిస్తే చదవమనండి. వాడు ‘వైవులు’ అంటే మళ్లీ రాయించండి.