మెడనొప్పికి జాబితాలో చోటేదీ?

గోదావరిఖని: సింగరేణి ఉపరితల గనుల్లో డంపర్ నడిపేవారి మెడ రెండు విధాలా నలుగుతుంది. గతుకుల హాల్ రోడ్డుపై సీటు నుంచి కుదుపులు, రివర్స్ చేసేటప్పుడు మెడ మెలి. మెడలోని ఏడు పూసల్లో 5-6, 6-7 మధ్య డిస్కులే ఎక్కువగా అరుగుతాయి. అక్కడ నరం నొక్కుకుంటే తిమ్మిరి బొటనవేలు, మధ్యవేలి దాకా పాకుతుంది. ‘చెయ్యి గుంజుతోంది’ అనేది చాలాసార్లు మెడ జబ్బే.

ఫిజియోథెరపీలో వ్యాయామమే ప్రధానం. నెలల తరబడి కాలర్ ధరిస్తే కండరాలు బలహీనపడతాయి. అయితే మళ్లీ అదే సీటు ఎక్కిస్తే ఫలితం ఎన్నాళ్లు నిలుస్తుంది?

అంతర్జాతీయ కార్మిక సంస్థ 2010 జాబితాలో కండరాలు, ఎముకల రుగ్మతలు వృత్తి వ్యాధులే. మన వృత్తి భద్రత కోడ్-2020 మూడో షెడ్యూలులో సిలికోసిస్, వినికిడి లోపం ఉన్నాయి గానీ మెడ అరుగుదల లేదు. దాంతో దాన్ని వయసు ఖాతాలో వేయడం సులువు. హాల్ రోడ్ల చదును, సీట్ల మరమ్మతుకు మాత్రం చట్ట సవరణ అక్కరలేదు.