తీర్మానం ఎవరిది?

వార్డు సభ్యురాలిగా మినిట్స్ పుస్తకంలో సంతకం పెట్టే ముందు ‘తీర్మానం’ అన్న మాట ఎక్కడుందో చూస్తాను. సర్పంచ్, అధికారి కూర్చుని తేల్చుకున్నది నిర్ణయమే. దాన్ని గ్రామసభ తీర్మానమని రాయడం అన్యాయం. తీర్మానానికి జనం కూడాలి, చదివి వినిపించాలి, వద్దన్నవాళ్ల మాటా నమోదు కావాలి. 2013లో సుప్రీంకోర్టు తీర్పు తర్వాత ఒడిశాలోని నియమగిరిలో 12 గ్రామసభలు బాక్సైట్ తవ్వకం వద్దని తీర్మానించాయి. అక్కడి డోంగ్రియా కోందు ఆదివాసులు నోటితో చెప్పిందే కాగితానికెక్కింది, కొండ నిలిచింది. మన ఏజెన్సీకీ 1996 నాటి పెసా చట్టం ఉంది. భూసేకరణకు ముందు గ్రామసభనో తగిన స్థాయి పంచాయతీనో సంప్రదించాలంటుంది. సంప్రదింపును తీర్మానంగా చూపే కాగితంపై నేను సంతకం పెట్టను. విలేకరులూ ‘గ్రామసభ తీర్మానించింది’ అని రాసేముందు ఎవరొచ్చారో, ఏమడిగారో కనుక్కోవాలి.