ఆల్ప్స్‌లో పరుగు... అలిపిరిలో అడుగు

ఫ్రాన్స్‌లో షామొనీ అనే చిన్న ఊరుంది. ఆల్ప్స్ పర్వతాల్లో కెల్లా ఎత్తయిన మోంట్ బ్లాంక్ ఆ ఊరి నెత్తిమీదే ఉంటుంది. ఏటా వేసవి చివర్లో ఓ శుక్రవారం సాయంత్రం ఊళ్లోని చర్చి ముందు నుంచి రెండువేల మందికి పైగా ఒక్కసారిగా పరుగందుకుంటారు. కొండ దాటి ఇటలీలోకి దిగుతారు. అక్కణ్నుంచి మళ్లీ ఎక్కి స్విట్జర్లాండులోకి వెళ్తారు. మరికొన్ని కనుమలు దాటి తిరిగి షామొనీ చేరతారు. ఒక కొండ, మూడు దేశాలు, సుమారు 170 కిలోమీటర్లు! గడువు 46న్నర గంటలు. చాలామందికి రెండు రాత్రులు అడవి దారిలోనే తెల్లారతాయి.

ఈ పందెం పేరు 'అల్ట్రా ట్రయిల్ డు మోంట్ బ్లాంక్'. ముద్దుగా 'యూటీఎంబీ'. దారిలో ఎక్కే ఎత్తులన్నీ కూడితే దాదాపు పదివేల మీటర్లు. అంటే ఎంత? తిరుపతి వాళ్లకు తెలిసిన లెక్కలో చెప్పుకుందాం. తిరుపతి ఊరు సముద్రమట్టానికి సుమారు 160 మీటర్ల ఎత్తున ఉంది. తిరుమల సుమారు 850 మీటర్ల ఎత్తున ఉంది. కింది నుంచి నడిచి వెళ్లేవాళ్లు ఎక్కేది అటూఇటుగా 700 మీటర్లు. ఆ లెక్కన వాళ్లు ఒక్క విడతలో మన కొండను 14 సార్లు ఎక్కి 14 సార్లు దిగుతారన్నమాట!

ఇంత కష్టం ఎందుకు పడతారని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే... ఆ దారి అందం కోసం. పచ్చిక మైదానాలు, మంచు కరిగి పారే వాగులు, మెడలో గంటలు కట్టుకుని మేసే ఆవులు, తల పైకెత్తితే మంచు కొండలు. కార్లో వెళ్తే ఇవన్నీ ఫొటోలు. కాలినడకన వెళ్తే మన సొంతం.

మొదటి విజేత షెర్పా

2003లో ఈ పందెం మొదటిసారి జరిగినప్పుడు 722 మంది బయల్దేరారు. వాన, చలి, బురద. చివరిదాకా వచ్చింది 67 మందే! అందరికంటే ముందు వచ్చిందెవరో తెలుసా? ఆల్ప్స్‌లో పుట్టినవాడు కాదు, నేపాల్ నుంచి వచ్చిన దావా షెర్పా. తీసుకున్న సమయం 20 గంటల 5 నిమిషాలు. ఆయన తర్వాత 2006లో శీతాకాల ఒలింపిక్స్‌లో నేపాల్ తరఫున మంచుమీద స్కీయింగ్ కూడా చేశాడు. దారి వివరాలు ఏడాదికేడాది కాస్త మారినా, పూర్తి దారిని 20 గంటలలోపు చుట్టి రావడం చాలా ఏళ్ల పాటు ఎవరి వల్లా కాలేదు. 2022లో స్పెయిన్‌కు చెందిన కిలియన్ జోర్నెట్ 19 గంటల 49 నిమిషాల్లో పూర్తిచేసి ఆ ముచ్చట తీర్చాడు.

పరుగు పందెంలో నడక!

ఈ పందేల్లో వింత ఒకటుంది. ఏటవాలు ఎక్కువైన చోట పెద్దపెద్ద విజేతలు కూడా పరుగెత్తరు. రెండు చేతులూ తొడలమీద ఆనించి, లేదా రెండు కర్రలు పట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ నడుస్తారు. నిటారు దారిలో పరుగెత్తితే గుండె, ఊపిరితిత్తులు త్వరగా అలసిపోతాయి. గట్టిగా నడిస్తే దాదాపు అంతే వేగం వస్తుంది, సత్తువ మిగులుతుంది.

స్విట్జర్లాండులో 1974 నుంచి జరుగుతున్న సియెర్-జినాల్ పందెం చూడండి. దూరం 31 కిలోమీటర్లు. దారిలో నాలుగువేల మీటర్లు దాటిన ఐదు శిఖరాలు కళ్లెదుట నిలుస్తాయి. జాన్ క్లోద్ పోన్ అనే గణితశాస్త్ర చరిత్రకారుడు దీన్ని మొదలుపెట్టాడు. ఇందులో రెండు వర్గాలుంటాయి. మొదటిది 'టూరిస్టులు'. వాళ్లు తెల్లవారుజామునే బయల్దేరి నింపాదిగా వెళ్తారు. పందెంరాయుళ్లు ఆ తర్వాత బయల్దేరతారు. దారి ఒకటే, గమ్యం ఒకటే. ఎవరి వేగం వాళ్లది!

1993లో మొదలైన యుంగ్‌ఫ్రా మారథాన్‌ది మరో తీరు. మొదటి సగం దారి లోయలో హాయిగా సాగుతుంది. 'ఇంతేనా' అనుకునేలోపు లౌటర్‌బ్రునెన్ అనే ఊరు దాటగానే కొండ గోడలా లేచి నిలబడుతుంది. అక్కడ మలుపుల మీద మలుపులు. తొలి సగంలో తొందరపడ్డవాళ్లకు అక్కడ కాళ్లు కదలవు.

ఇది చదివి తిరుపతి వాళ్లు నవ్వుకుంటూ ఉండాలి. ఎందుకంటే ఈ గోడ మనకు పాత చుట్టమే... మోకాళ్ల మెట్టు!

మన కొండకేం తక్కువ?

అలిపిరి దారిలో 3550 మెట్లు, సుమారు 9 కిలోమీటర్లు. పాదాల మండపం దగ్గర మొక్కుకుని మొదలుపెడితే గాలిగోపురం దాకా ఊపిరాడని ఎక్కుడు. ఆ తర్వాత దారి చదునవుతుంది. జింకల పార్కు, ఘాట్ రోడ్డు పక్క నడక, అవ్వాచారి కోన. కాళ్లు తేలికపడి 'అయిపోయిందిలే' అనిపిస్తుంది. సరిగ్గా అప్పుడే మోకాళ్ల మెట్టు ఎదురొస్తుంది. చిన్నవయసులో కొండకు వచ్చిన అన్నమయ్య ఇక్కడే సొమ్మసిల్లి పడుకుంటే అలమేలుమంగమ్మ కలలో కనిపించి చెప్పులు విడిచి ఎక్కమందని కథ. యుంగ్‌ఫ్రా గోడకు ఇలాంటి కథ ఉందా?

శ్రీనివాస మంగాపురం వైపు నుంచి వచ్చే శ్రీవారి మెట్టు దారి మరీ పొట్టిది. 2388 మెట్లు, 2.1 కిలోమీటర్లు. స్విట్జర్లాండులో ఫుల్లీ అనే ఊళ్లో దాదాపు ఇంతే పొడవున్న పందెం ఒకటుంది. పాతకాలపు రైలు పట్టాల దిమ్మెల మీదుగా 1.92 కిలోమీటర్లలోనే వెయ్యి మీటర్ల ఎత్తు ఎక్కాలి. దాని పేరు చెబితే చాలు, కొండ పరుగుల వాళ్లకు పిక్కలు పట్టేస్తాయి.

1944లో మొదటి ఘాట్ రోడ్డు, 1974లో రెండో ఘాట్ రోడ్డు వచ్చాయి. అయినా నడకదారి బోసిపోలేదు. ప్రతి మెట్టుకూ పసుపు కుంకుమలు పెట్టేవాళ్లు, మోకాళ్లమీద ఎక్కేవాళ్లు, చంకలో పసిబిడ్డతో ఎక్కేవాళ్లు. పతకం లేదు, గడియారం లేదు. యూటీఎంబీలో పరుగువీరుల సంచులను నిర్వాహకులు దారి మధ్యకు చేరవేస్తారు. అలిపిరిలో ఇచ్చిన మన సామాన్లను దేవస్థానం ఉచితంగా పైకి చేరుస్తుంది. అక్కడ దారిలో వేడివేడి సూపు, జున్ను. ఇక్కడ ఉప్పూకారం చల్లిన మామిడికాయ ముక్కలు!

అడవి దారిలో నడక కావాలంటే దానికీ మనకు ముహూర్తాలున్నాయి. పుష్య పౌర్ణమికి రామకృష్ణ తీర్థ ముక్కోటి, మాఘ పౌర్ణమికి కుమారధార, ఫాల్గుణ పౌర్ణమికి తుంబురు తీర్థ ముక్కోటి. మామూలు రోజుల్లో మనిషి అలికిడి లేని కోనల్లోకి ఆ రోజుల్లో భక్తులు బారులు తీరతారు. దేవస్థానం వాళ్లు అన్నం పొట్లాలు, మజ్జిగ ఇస్తారు. వైద్యులను ఉంచుతారు. గుండెజబ్బు, ఆయాసం, ఊబకాయం ఉన్నవాళ్లు రావొద్దని ముందే చెబుతారు.

కొండ ఒప్పుకోనప్పుడు...

ఇన్ని పోలికలున్నా ఒక్క విషయంలో మాత్రం మనం ఆల్ప్స్ వాళ్ల దగ్గర నేర్చుకోవాలి. అది 'ఆగడం'.

వాళ్లకు ఆ పాఠం ఊరికే రాలేదు. 2008 జులైలో జర్మనీలోని జుగ్‌స్పిట్జె శిఖరం మీదికి జరిగిన పందెంలో ఉన్నట్టుండి మంచు కురిసింది. పల్చటి బట్టలతో ఎక్కుతున్న ఇద్దరు చలికి చనిపోయారు. 2021 మేలో చైనాలోని గాన్సూ ప్రాంతంలో జరిగిన వంద కిలోమీటర్ల కొండ పరుగులో 21 మంది చలిగాలికీ వానకూ బలయ్యారు. వాళ్లలో దేశంలోనే పేరున్న పరుగువీరులు కూడా ఉన్నారు.

అందుకే యూటీఎంబీలో సంచి తనిఖీ చేస్తారు. వాన కోటు, రెండు తలదీపాలు, ఈల, లీటరు నీళ్లు, కట్టు కట్టుకునే గుడ్డ, చలిని ఆపే రేకు దుప్పటి, సెల్‌ఫోన్ ఉండాల్సిందే. ఆఖరికి తాగే గ్లాసు కూడా ఎవరిది వాళ్లే తెచ్చుకోవాలి. దారిలో చెత్త పారేస్తే శిక్ష. 2010లో వాతావరణం తిరగబడితే పందేన్ని మధ్యలోనే ఆపేశారు. 2012లో దారి కుదించారు. ఏడాదిపాటు సాధన చేసి, వేల రూపాయలు పోసి వచ్చినవాళ్లు నోరెత్తకుండా వెనక్కి తిరిగారు.

మరో నియమం ఇంకా ముఖ్యమైంది. ఒక్కో మజిలీకి ఒక్కో గడువు ఉంటుంది. ఆ వేళకు చేరకపోతే 'ఇక చాలు' అంటారు. బస్సెక్కించి కిందికి పంపిస్తారు. బయల్దేరినవాళ్లలో మూడో వంతు దాకా ఇలాగో, తమంతట తామో మధ్యలో ఆగిపోతారు. దాన్నెవరూ పరువు తక్కువనుకోరు.

మన కొండమీద 'ఇక చాలు' అనేవాళ్లెవరు? ఇక్కడ ఉన్నది మొక్కు. మొక్కుకు గడువు లేదు. అమ్మ ఆయాసపడుతుంటే 'ఇంకొన్ని మెట్లేనమ్మా, గోవిందా అనుకో' అంటాం. నాన్న ఛాతీ రుద్దుకుంటుంటే 'గ్యాసేమో, సోడా తాగుతారా' అంటాం. ఆ ప్రేమలో తప్పులేదు. కానీ గుండెకు ప్రేమ తెలియదు. అది అడిగేది విశ్రాంతి.

నడకదారుల్లో గుండెపోట్లు వస్తున్నాయనే 2024 అక్టోబరులో దేవస్థానం ఒక సూచన చేసింది. 60 ఏళ్లు దాటినవాళ్లు, రక్తపోటు, మధుమేహం, ఉబ్బసం, కీళ్ల జబ్బులు ఉన్నవాళ్లు కాలినడకన రాకపోవడం మంచిదని చెప్పింది. అలిపిరి దారిలో 1500వ మెట్టు, గాలిగోపురం, భాష్యకార్ల సన్నిధి దగ్గర వైద్యసాయం దొరుకుతుందని కూడా తెలిపింది. ఈ మూడు చోట్లనూ మన మజిలీలు అనుకుంటే సరిపోతుంది కదా!

మరి ఇక్కడా పందెం పెడితే?

కుర్రాళ్ల నుంచి తరచూ వినిపించే ప్రశ్న ఇది. పొరుగున కర్ణాటకలో కాఫీ తోటల మధ్య మల్నాడ్ అల్ట్రా జరుగుతుంటే, ఇంత అందమైన కొండలు పెట్టుకుని మనమెందుకు ఊరుకోవాలి?

శేషాచలం కథ వేరు. 1989లో శ్రీవేంకటేశ్వర జాతీయ వనం ఏర్పడింది. 2010లో ఈ కొండలు బయోస్ఫియర్ రిజర్వు అయ్యాయి. ఎర్రచందనం సహజంగా పెరిగే కొద్దిచోట్లలో ఇదొకటి. రాళ్ల సందుల్లో బంగారు బల్లి, పొదల మాటున చిరుత, కోనల్లో ఏనుగులు. 2023 ఆగస్టులో అలిపిరి దారిలో ఆరేళ్ల పాపను చిరుత పొట్టన పెట్టుకుంది. ఆ తర్వాత బోన్లు పెట్టి చిరుతలను పట్టారు. పిల్లలు నడిచే వేళలపై ఆంక్షలు పెట్టారు. నడిచేవాళ్ల చేతికి కర్రలిచ్చారు. అలాంటి అడవిలో వేల కాళ్లు, లౌడ్ స్పీకర్లు, నీళ్ల సీసాలు... వద్దు. మెట్టు మెట్టుకూ బొట్టు పెట్టే దారిలో గడియారం చూసుకుంటూ తోసుకుపోవడం అంతకంటే వద్దు. పరుగు సరదా ఉన్నవాళ్లకు ఊళ్లో మైదానాలున్నాయి, తెల్లవారుజామున ఖాళీగా ఉండే రోడ్లున్నాయి. నడకదారిని నడిచేవాళ్లకే వదిలేద్దాం. అక్కడి క్రమశిక్షణను మాత్రం తెచ్చుకుందాం.

ఎక్కేముందు ఇవి చూసుకోండి

* ప్రయాణానికి నెల ముందు నుంచే సాధన మొదలుపెట్టండి. రోజూ అరగంట నడక, వారంలో మూడు రోజులు ఇంటి మేడమెట్లు ఎక్కిదిగడం. నలభై దాటినవాళ్లు, షుగరు, బీపీ ఉన్నవాళ్లు ముందు డాక్టరును కలవాలి.

* పక్కవాళ్లతో మాట్లాడగలిగినంత వేగంతోనే ఎక్కండి. మాట తెగుతుంటే వేగం ఎక్కువైనట్టే. గాలిగోపురం దాకా నెమ్మదిగా వెళ్తే మోకాళ్ల మెట్టు దగ్గర సత్తువ మిగులుతుంది.

* ఒట్టి నీళ్లే కాదు, ఉప్పు వేసిన మజ్జిగ తాగండి. చెమటతో ఉప్పు కూడా పోతుంది. కడుపునిండా తిని ఎక్కొద్దు. అలాగని పస్తుండీ ఎక్కొద్దు.

* దిగేటప్పుడు మోకాళ్లమీద భారం ఎక్కువ. కీళ్ల నొప్పులున్నవాళ్లు ఎక్కినా, దిగడానికి బస్సే మేలు.

* పిల్లలను ముందుకు పరుగెత్తనివ్వొద్దు. గుంపు విడిపోవద్దు. నడకదారి వేళలు, పిల్లల నియమాలు మారుతుంటాయి కాబట్టి బయల్దేరే ముందు తెలుసుకోండి.

* ఛాతీలో బిగువు, ఎడమచేయి లేదా దవడ లాగడం, చల్లటి చెమటలు, కళ్లు తిరగడం... వీటిలో ఏది కనిపించినా అక్కడే కూర్చోవాలి. వెంటనే సాయం పిలవాలి. 'పైకెళ్లాక చూద్దాం' అనే మాటే వద్దు.

చివరగా ఇంటిల్లిపాదీ కలిసి ఒక ఒప్పందం చేసుకోండి. ఎవరికి ఎక్కడ కష్టమనిపించినా నోరు తెరిచి చెప్పాలి. చెప్పినవాళ్లను ఎవరూ ఎగతాళి చేయకూడదు. ఒకరు ఆగితే అందరూ ఆగాలి. మిగిలిన దారికి బస్సుంది. నడిచొచ్చినవాణ్నీ బస్సులో వచ్చినవాణ్నీ ఆ స్వామి వేరుగా చూస్తాడా ఏంటి!