కఱ్ఱధూళియు వడ్రంగి యూపిరియు

అడవి నానుకొనియున్న మన నర్సాపూరులో వడ్రంగము క్రొత్త వృత్తి కాదు. మన విద్యార్థులలో కొందఱు అట్టి యిండ్లనుండియే వచ్చుచున్నారు. చదువు ముగిసిన పిమ్మట ఆ పనిలోనే ప్రవేశించుచున్నారు. మొన్న మేము బల్లలు చేయించుటకై యొక దుకాణమునకు పోయితిమి. అచట తలుపుపలకపై సాండరు తిరుగుచుండెను. దానిని పట్టిన యువకుడు మన పాఠశాలలో చదివినవాడే. అతని కనుబొమలును తలవెండ్రుకలును పిండి చల్లినట్లు తెల్లనై యుండెను. ముక్కునకు రుమాలైనను లేదు. మేము దానినిగూర్చి యడుగగా యజమాని నవ్వి, "కట్టెపొట్టే గద సారూ, విషమా? మా తాత ఇందులోనే పుట్టి ఇందులోనే ముసలివాడయ్యె" ననెను.

ఆ మాటకు బదులు చెప్పుటయే మా యుద్దేశము. తాత చేసిన పని వేఱు, నేడు జరుగు పని వేఱు. తాత ఉలితో చెక్కెను, చిత్రిక పట్టెను. చిత్రికనుండి పొట్టు చుట్టలు చుట్టలుగా రాలును. చేతిరంపపు పొట్టు చాలవఱకు కాళ్లయొద్దనే కుప్పయగును. సాండరో, నిమిషమునకు 12,000 పర్యాయముల వఱకు కదలుచు కఱ్ఱను పొడిచేయును. ఆ పొడిలో ముతకది నేల బడును. వెండ్రుక మందములో పదవవంతైనను లేని సన్ననిది గంటలకొలది గాలిలో తేలుచు, సాండరు ఆపిన పిమ్మటను ఊపిరివెంట లోనికి బోవును. దుకాణము వెనుకనే కాపురమైనచో ఇల్లాలును పసిబిడ్డలును దానినే పీల్తురు.

ఇది మా భయము మాత్రము కాదు. ఇంగ్లండులో కుర్చీలు బల్లల పరిశ్రమకు పేరుపొందిన హై వికోంబు ప్రాంతపు పనివారిలో ముక్కులోపల పుట్టు ఒకవిధమగు క్యాన్సరు అసాధారణముగా హెచ్చియుండుటను వైద్యులు కనిపెట్టి, 1968లో బ్రిటిష్ మెడికల్ జర్నలునందు ప్రకటించిరి. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధన సంస్థ 1995లో కఱ్ఱధూళిని మనుష్యులకు క్యాన్సరు కలిగించు వస్తువుల మొదటి తరగతిలో చేర్చెను. ఆ రోగము అరుదైనదే. కాని దగ్గు, ఉబ్బసము, కన్నుల మంట, చర్మపు దురద అరుదైనవి కావు.

విఱుగుడు కష్టమైనది కాదు. పెక్కు సాండర్లకు ధూళి వెలువడు మూతి యొకటి కలదు. దానితో వచ్చు చిన్నసంచి ముతకపొడినే ఎక్కువగా పట్టును. ఆ సంచిని తీసి, దుకాణము శుభ్రపఱచు వ్యాక్యూమ్ క్లీనరు గొట్టమును మూతికి తగిలించినచో ధూళిలో అధికభాగము పుట్టినచోటనే పట్టువడును. చిక్కెక్కడ ననగా, ఒక కంపెనీ మూతికి వేఱొక కంపెనీ గొట్టము తఱచుగా సరిపడదు. లోపలి కొలతయు వెలుపలి కొలతయు చూచుకొని అడాప్టరు కొనవలెను. దొరకనిచో పాత సైకిలు ట్యూబు ముక్కను రెంటిమీదికి తొడిగి క్లిప్పు బిగింపవచ్చును. ఉప్పుకాగితపు రంధ్రములు సాండరు అడుగు రంధ్రములతో సరిగా కలియవలెను. లేనిచో పీల్పు వ్యర్థమగును. పీల్పు మితిమీరినచో సాండరు పలక నంటుకొని గుండ్రని గీతలు పడును; అప్పుడు పీల్పును తగ్గింపవలెను. క్లీనరులోని వడపోత సన్ననిదై యుండవలెను. లేనిచో ముందు పీల్చిన ధూళినే వెనుకనుండి గదిలోనికి విడుచును. ఇనుము రాచునపుడు లేచు నిప్పురవ్వలను అదే గొట్టమున పీల్వరాదు; లోపలి పొట్టు అంటుకొనును. ఇంత చేసినను మంచి మాస్కును మానరాదు.

మన దేశమున 1948 నాటి ఫ్యాక్టరీల చట్టపు 14వ సెక్షను, ధూళిని లాగు యంత్రము అవసరమైనచోట దానిని ధూళి పుట్టుచోటికి సాధ్యమైనంత చేరువనే అమర్చవలెనని విధించియుండెను. కాని ఆ విధి కార్ఖానాలకే యుండెను. ముగ్గురు నలుగురు పనిచేయు దుకాణమునకు తనిఖీదారుడు వచ్చుట లేదు. అచటికి పోవువారము పని చేయించుకొను మనమే. మే మానాడు బల్లల వెలనుగూర్చి అరగంట వాదించితిమి. గొట్టమునకును వడపోతకును అగు వ్యయము ఆ వెలలో కలియునని మాకప్పుడు తోచలేదు. మనము వెల తఱిగించినకొలది ఆ వ్యయమును పనివాని యూపిరితిత్తులు చెల్లించుచున్నవి.

కావున మా మనవి యిది. యజమానులు సాండరు కొనునపుడే గొట్టమును క్లీనరును లెక్కలో చేర్చుకొందురు గాక. తల్లిదండ్రులు ఇంటికి తలుపులు, మంచములు చేయించునపుడు ధూళి నెట్లు పట్టుచున్నారని యడిగి, అందులకై కొంత అధికమిత్తురు గాక. మన పాఠశాలయు ఇకమీద బల్లలు చేయించునపుడు ఈ షరతును కాగితముపై వ్రాయవలెనని మా యభిప్రాయము. మన గదులలోని బల్లలు నునుపుగా నుండవలసినదే; కాని వానిని నునుపుచేసిన పూర్వవిద్యార్థి దగ్గుచు నుండరాదు.