బ్లూటూత్ బీపీ మెషిన్ కొంటున్నారా? ముందు 1810 ఉందో లేదో చూడండి

ఫోన్ కొనేటప్పుడు ప్రాసెసర్ నుంచి ఛార్జర్ వాట్స్ దాకా అన్నీ ఆరా తీస్తాం. ఇంట్లో వాళ్లకి బ్లూటూత్ బీపీ మెషిన్ కొనేటప్పుడు మాత్రం "యాప్ ఉందా?" అని చూసి ఊరుకుంటాం. నేనూ అదే చేశా.

రెండేళ్లు నాన్న రీడింగ్స్ యాప్‌లో బాగానే సేవ్ అయ్యాయి. మొన్న ఆయనకి కొత్త ఫోన్ కొనిచ్చా. చూస్తే ప్లే స్టోర్‌లో ఆ యాప్ లేదు! పాత ఏపీకే వేస్తే లాగిన్ దగ్గరే ఆగిపోయింది. డాక్టరేమో డోస్ మార్చే ముందు మూడు నెలల రీడింగ్స్ తెమ్మన్నారు. చివరికి అమ్మ మెషిన్ మెమరీలోంచి ఒక్కొక్కటీ చూసి నోట్‌బుక్‌లో రాసింది. మెమరీలో ఉన్నవి 60 మాత్రమే. రోజుకి రెండుసార్లు చూసుకునే నాన్నకి అది ఒక్క నెల లెక్క.

బ్లూటూత్ పాడైందా అంటే లేదు. మెషిన్ డేటా పంపుతూనే ఉంది. కాకపోతే ఆ కంపెనీ యాప్‌కి తప్ప ఎవరికీ అర్థంకాని సొంత ఫార్మాట్‌లో.

నిజానికి దీనికి 2011 నుంచే స్టాండర్డ్ ఉంది. బ్లూటూత్ ఎస్‌ఐజీ తెచ్చిన బ్లడ్ ప్రెషర్ ప్రొఫైల్. పై బీపీ, కింది బీపీ, టైమ్ స్టాంప్ ఏ వరుసలో రావాలో అంతా అందులో ఉంది. సర్వీస్ నంబర్ హెక్స్‌లో 1810. గ్లూకోజ్ మీటర్‌కి 1808, థర్మామీటర్‌కి 1809, హార్ట్ రేట్‌కి 180డి. పోలార్ హెచ్10 స్ట్రాప్ జ్విఫ్ట్ లాంటి వేరే కంపెనీ యాప్‌లోనూ పనిచేసేది ఆ 180డి వల్లే.

"సెక్యూరిటీ కోసమే సొంత ప్రోటోకాల్" అంటారు కొందరు. పెయిరింగ్, ఎన్‌క్రిప్షన్ బ్లూటూత్‌లో విడిగా ఉన్నాయి కదా! ఈసీజీ లాంటి వాటికి సొంత ఫార్మాట్ అంటే కొంత ఒప్పుకోవచ్చు. బీపీ అంటే మూడు నంబర్లే బాస్. దాచాల్సినంత ఏముంది?

చెక్ చేయడం ఈజీ. నార్డిక్ సెమీకండక్టర్ వాళ్ల ఫ్రీ యాప్ ఎన్‌ఆర్‌ఎఫ్ కనెక్ట్ వేసుకోండి. ఒక రీడింగ్ తీసి, వెంటనే స్కాన్ చేసి కనెక్ట్ అవ్వండి. సర్వీసుల్లో 1810 కనిపిస్తే ఉంచుకోండి. లేదంటే రిటర్న్ గడువు దాటకముందే వెనక్కి పంపేయండి.

మన రివ్యూల్లోనూ బ్యాటరీ లైఫ్ పక్కన ఒక లైన్ చేరాలి: కంపెనీ యాప్ పోయినా ఈ మెషిన్ పనికొస్తుందా? మీ ఇంట్లో మెషిన్ ఏం చూపించిందో కామెంట్స్‌లో చెప్పండి.